కచేరీ రోజు కబురు

3, మంగళవారం

ఆవిడ తలుపు వేసుకుని వాయిస్తోంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ నన్నెవరూ పిలవరు. అందుకే ఇప్పుడు రాసుకుంటున్నాను.

అమ్మ చనిపోయిన శనివారం నేనేం చేశానో రాస్తాను. పొద్దున్నే అత్తయ్య వేళ్ళకి ఉడుకునీళ్ళు పట్టాను. ఆవిడ నల్లగౌను ఇస్త్రీ చేశాను. సాయంత్రం స్టేజీ మీద ఆవిడ పియానో పక్కన కుర్చీ వేసుకుని పేజీలు తిప్పాను. నాకు ఆ గీతలూ చుక్కలూ చదవడం రాదు. ఆవిడ గడ్డం ఎత్తినప్పుడు తిప్పడం వచ్చు. ఆ రోజు ఒక్క పేజీ కూడా తప్పు తిప్పలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెర వెనక్కి వచ్చాక మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "మీ అమ్మగారు పోయారట. మీరిద్దరూ స్టేజీ మీదున్నప్పుడు ఫోనొచ్చింది," అన్నారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ముఖం కూడా చూడలేదు. అన్నయ్య నా కోసం ఆగలేదు. నాతో మాట్లాడలేదు కూడా. వదిన గుమ్మంలో నిలబడి, "కచేరీ బాగా జరిగిందా?" అంది. అంతే. నాకు అర్థం కాలేదు. బాధలో ఉన్నారనుకున్నాను.

పక్కింటి పిన్ని నన్ను పట్టుకుని ఏడ్చింది. "పొద్దున్నుంచీ గుమ్మం వైపే చూసిందమ్మా. మీ అన్న పొద్దున్నే ఫోన్ చేశాడని తెలిశాక ఇంక కళ్ళు మూస్తే ఒట్టు," అంది.

పొద్దున్నే.

4, బుధవారం

పొద్దున్నే ఫోనొచ్చింది. అప్పటికి అమ్మ బతికే ఉంది.

6, శుక్రవారం

ఇవాళ ఆయన్ని అడిగాను. అడగాలని నిన్నంతా నోట్లో కూడబలుక్కున్నాను. ఆయన వంగి బూట్ల తాడు కట్టుకుంటున్నారు.

"ఆ రోజు ఫోన్ ఎప్పుడొచ్చిందండీ?"

"చెప్పాగా, సాయంత్రం."

"పొద్దున్నే చేశామంటున్నారు మా వాళ్ళు."

తాడు ముడి పడలేదు. విప్పి మళ్ళీ కట్టుకున్నారు. "వాళ్ళు దుఃఖంలో ఉన్నారు. ఏవేవో అంటారు," అన్నారు. తర్వాత లేచి నిలబడి, గొంతు తగ్గించి, "అయినా మా అమ్మ సంగతి నీకు తెలుసుగా. కచేరీ రోజు నెత్తిన పిడుగు పడినా చెప్పొద్దంటుంది. ఈ ఇంటి నియమం అది. ఆవిణ్ణి మాత్రం ఏమీ అడక్కు. మనసు పాడైతే వేళ్ళు బిగుసుకుపోతాయి," అన్నారు.

ఈ ఇంటికి నేను వచ్చిన కొత్తలోనే ఈ నియమం చెప్పారు. కచేరీ రోజు మంచి కబురూ వద్దు, చెడ్డ కబురూ వద్దు. మా మామగారు పోయిన రోజు కూడా ఆవిడ వాయించిందట. ఆ రోజు పేపరు ముక్క ముందుగదిలో అద్దం కట్టించి పెట్టారు. భర్త శవం ఇంట్లో ఉండగా కన్నీళ్ళు మింగి వాయించిన ధీరురాలు అని ఉంటుంది అందులో. వచ్చినవాళ్ళందరూ దాని ముందు నిలబడి తల ఊపుతారు.

మొగుడు పోయినా వాయించిన మనిషి. కోడలి తల్లి ఆవిడకో లెక్కా?

అయితే ఆవిడే. ఆవిడకి తెలిసే నన్ను పంపలేదు. వేళ్ళు నొక్కడానికి మనిషి కావాలి, పేజీలు తిప్పడానికి మనిషి కావాలి. ఆయన మధ్యలో నలిగిపోయారు. పాపం ఆయనకేం తెలుసు.

9, సోమవారం

ఈ ఇల్లు ఆవిడ చేతుల్ని పసిబిడ్డల్లా చూస్తుంది. ఆవిడ కత్తి పట్టుకోదు. సీసా మూత తీయదు. తలుపు గడియ నేనో ఆయనో తీయాలి. పొద్దున్నే పెద్ద గిన్నెలో ఉడుకునీళ్ళు పోసి, ముంజేతుల దాకా ముంచి, ఒక్కో కణుపూ నొక్కాలి. కుడిచేతి చిటికెన వేలు ఈమధ్య సరిగ్గా ముడుచుకోవడం లేదు. ఆ సంగతి ఆవిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

ఇవాళ ఆ వేలు నా గుప్పిట్లో ఉంది. కాస్త వెనక్కి వంచితే చాలు.

"గట్టిగా నొక్కవే మూగమ్మా, తిండి తినలేదా?" అంది.

గట్టిగా నొక్కాను. అంతే.

మా అమ్మ చేతుల్ని ఎవరూ ఉడుకునీళ్ళలో పెట్టలేదు. సూది గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ళ చివర్లు గరుకుగా ఉండేవి. నా బుగ్గ మీద చెయ్యి వేస్తే గీసుకునేది. ఆవిడ నల్లగౌను కుట్టింది అమ్మే. కొలతలకి అమ్మ వెంట నేనూ వచ్చాను. ఆయన నన్ను చూసింది అప్పుడే. "పిల్ల మాట్లాడదేం?" అని ఆవిడ అడిగింది. "మాట్లాడుతుందండీ, అడిగితే," అంది అమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని. "మేం అడగంలే. పేజీలు తిప్పే మనిషి ఊపిరి పీల్చిన చప్పుడు కూడా రాకూడదు. మాకు ఇలాంటిదే కావాలి," అంది ఆవిడ. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, సూదులు పడిపోకుండా పెదాలు బిగించి. అయిదో క్లాసుతో ఆగిపోయిన కూతురికి ఇంత పెద్ద ఇల్లు దొరికిందని దారంతా మురిసిపోయింది.

అవును, నేను చప్పుడు చెయ్యను. చూస్తారు.

12, గురువారం

టోపీ ఆయన మళ్ళీ వచ్చాడు. ఏదో పత్రికలో రాస్తాడు, ఇప్పుడు అత్తయ్య జీవితం మొత్తం పుస్తకంగా రాస్తున్నాడు. ఇంట్లోకి వచ్చినా టోపీ తీయడని నేను పెట్టుకున్న పేరది. కాదు, పెట్టింది ఆవిడే. అప్పట్లో ఆయన వెళ్ళాక వంటగదిలోకి వచ్చి, "ఆ టోపీ కింద జుట్టుందంటావా, మరో టోపీ ఉందంటావా?" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

అది వేరే సంగతి.

టీ పట్టుకెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. మొదట ఎక్కడ నేర్చుకున్నారని టోపీ ఆయన అడిగాడు.

"బట్టలుతికే చోట," అంది ఆవిడ. వాళ్ళమ్మ ఒక హోటల్లో దుప్పట్లు ఉతికేదట. ఆ హోటల్ హాల్లో పాత పియానో ఉండేది. సగం మెట్లు నొక్కినా పలికేవి కావు. "అవి ఎలా పలకాలో నాకు నేనే మనసులో అనుకునేదాన్ని. ఇప్పటికీ ఆ మెట్ల దగ్గరికొస్తే నా వేళ్ళకి అనుమానం. పలుకుతుందో చస్తుందో అని ఒక్కటిస్తాను. మీ పేపర్లవాళ్ళు దాన్ని శైలి అంటారు."

టోపీ ఆయన గబగబా రాసుకున్నాడు. పెద్ద పోటీలో చెప్పులు లేకుండా వాయించారట, భూమిని తాకి వాయించాలనా, అని అడిగాడు.

"చెప్పులు అరువువి నాయనా. రెండంకెలు పెద్దవి. పియానో కింద పెడల్ తొక్కుతుంటే జారిపోయేవి."

అది కూడా రాసుకున్నాడు గానీ మునుపటంత ఉత్సాహంగా కాదు. అప్పుడు అద్దంలోని పేపరు ముక్క వైపు చూసి, "ఆ సాయంత్రం గురించి చెప్పండి. భర్త పోయారని తెలిసి కూడా వాయించడం..." అన్నాడు.

"తెలుసని ఎవడు చెప్పాడు?"

టోపీ ఆయన మళ్ళీ అద్దం వైపు చూశాడు.

"చప్పట్లన్నీ అయ్యాక చెప్పారయ్యా నాకు. టిక్కెట్లు అమ్ముడైపోయాయని మా అన్న దాచిపెట్టాడు. మర్నాడు పేపర్లో ధీరురాలినని రాశారు. అప్పటికే ఊరంతా చప్పట్లు కొట్టింది. కొట్టించుకున్న నోటితో కాదని ఎలా అనను? ఈ నియమం అంటారే, అది నేను..."

"అమ్మా, వేళ్ళు చల్లబడతాయి. ఉడుకునీళ్ళు పెట్టించనా?" అన్నారు ఆయన.

ఆవిడ ఆగిపోయింది. టోపీ ఆయన కలం మూసేశాడు. ఆ మాటలు ఆయన రాసుకోలేదు. నేనూ నమ్మలేదు. నాటకాలు. పుస్తకంలో మంచిదనిపించుకోవాలని కొత్త కథ మొదలుపెట్టింది.

16, సోమవారం

28న ఆవిడ ఆఖరి కచేరీ. ఇక స్టేజీ ఎక్కదట. గోడల మీద ఆవిడ బొమ్మ అంటించారు. పాలు తేవడానికి వెళ్తుంటే మూడు చోట్ల నన్ను చూసింది.

నా పెళ్ళికి ముందు ఒకసారి వాయిస్తూ వాయిస్తూ ఆవిడ బుర్ర ఖాళీ అయిపోయిందట. చేతులు గాల్లోనే ఉండిపోయాయట. అప్పట్నించీ పుస్తకం ఎదురుగా లేకుండా కూర్చోదు. పేజీ తిరక్కపోతే ఆవిడ ఏమీ చెయ్యలేదు.

28న ఆఖర్న వాయించేది చాలా నెమ్మదైనది. అందులో ఒక పేజీ చివర గాలి కూడా ఆగినట్టుంటుంది. అక్కడ తిప్పను.

నిన్న ఉన్నట్టుండి తోచింది ఈ ఆలోచన. గిన్నెలు తోముతున్నాను. తోచగానే చేతిలోది కింద పెట్టేశాను. జీవితమంతా వాయించి వాయించి, ఆఖరి రోజు, ఆఖరి పాట మధ్యలో, అందరి ముందూ ఆగిపోవాలి. మా అమ్మ గుమ్మం వైపు చూసినట్టు ఆవిడ నా చేతి వైపు చూడాలి.

18, బుధవారం

నీళ్ళు ఇవాళ ఎక్కువ వేడయ్యాయి. ఆవిడ చటుక్కున చేతులు లాక్కుంది. కావాలని చేసింది కాదు.

కావాలనే.

20, శుక్రవారం

అన్నయ్యకి ఫోన్ చేసి పెట్టమని ఆయన్ని అడిగాను. ముందుగదిలోకి వెళ్ళి వచ్చి, "ఎత్తడం లేదు," అన్నారు. నేను చేస్తానంటే, "నీకెందుకు శ్రమ, రేపు మళ్ళీ చూస్తాలే," అన్నారు. నన్ను ఎంత కనిపెట్టుకుని ఉంటారో. సాయంత్రం నాకు ఊలు శాలువా కొనుక్కొచ్చారు. ఎందుకండీ అంటే, "ఊరికే," అన్నారు. కళ్ళు చెమ్మగిల్లాయి ఆయనకి.

ఆవిడతో రిహార్సలు రోజూ రెండు పూటలా. నేను మునుపెన్నడూ లేనంత బాగా తిప్పుతున్నాను. గడ్డం పూర్తిగా లేవకముందే నా వేళ్ళు పేజీ చివరకి వెళ్ళిపోతున్నాయి.

"ఈమధ్య బాగా తిప్పుతున్నావే," అంది. "మీ అమ్మ పోయిన దగ్గర్నించీ నీ ధ్యాస ఎక్కడో ఉంటుందని భయపడ్డాను."

అమ్మ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. నాకేసి చూడకుండా, పియానో మెట్ల మీద దుమ్ము తుడుస్తూ, "నేనో సంగతి అడగనా? వెళ్ళేసరికి ముఖం చూపించారా?" అంది.

లేదన్నట్టు తల ఊపాను.

"నాకూ చూపించలేదు," అంది. తర్వాత ఏదో వాయించసాగింది.

ఎంత ధైర్యం. చేసిందంతా చేసి.

24, మంగళవారం

భోజనాల దగ్గర గొడవ. ఆఖరి కచేరీ అయ్యాక వేరే నగరాల్లో కూడా ఆఖరి కచేరీలు పెట్టిస్తానని ఆయన అన్నారు. కొన్ని హాళ్ళతో మాట్లాడేశారట. ఆయనకి వేరే ఉద్యోగం లేదు. ఆవిడ కచేరీలు కుదర్చడమే ఉద్యోగం. ఫోన్లన్నీ ఆయనే ఎత్తుతారు, ఉత్తరాలన్నీ ఆయనే రాస్తారు.

"ఎన్ని ఆఖర్లురా నాకు?" అంది ఆవిడ.

"జనం అడుగుతున్నారమ్మా."

"జనం అడుగుతున్నారో, నువ్వు జనాన్ని అడుగుతున్నావో. నా చిటికెన వేలు ఒకటి ఎప్పుడో ఆఖరి కచేరీ చేసేసుకుంది. మిగతావాటిని నువ్వు ఊరేగించు."

ఆయన ముఖం ఎర్రబడింది. నాకు జాలేసింది. కన్నకొడుకుని ఎలా అంటుందో చూడండి అని ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎవరున్నారు?

నెమ్మదైన పాటలో ఆ పేజీ ఏదో బాగా గుర్తుపెట్టుకున్నాను. పైన మూల కాఫీ మరక ఉంది.

27, శుక్రవారం

భయం వెయ్యడం లేదు. భయం వెయ్యనందుకు కాస్త భయం వేసింది.

29, ఆదివారం

రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను.

హాలు నిండిపోయింది. గోడల వెంట కూడా నిలబడ్డారు. ముందు వరసలో టోపీ ఆయన, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల మరో టోపీ లేదు, బట్టతల. నవ్వొచ్చింది. ఆవిడ కూడా చూసింది, నా వైపు కనుబొమ ఎగరేసింది. నేను ముఖం తిప్పుకున్నాను.

మొదటివన్నీ మామూలుగా జరిగాయి. ఆవిడ బాగా వాయించింది. ఆ మాట రాయకపోతే అబద్ధం అవుతుంది. చిటికెన వేలు ముడవలేని చోట పక్క వేలితో కానిచ్చేసింది, ఎవరూ కనిపెట్టలేదు.

ఆఖరి పాట. కాఫీ మరక పేజీ వచ్చింది. చివరి వరుస వచ్చింది. గడ్డం లేచింది.

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. అక్కడే ఉంచాను.

ఆవిడ ఆగలేదు. చివరి వరుసనే మళ్ళీ మొదట్నుంచి వాయించింది. గడ్డం మళ్ళీ లేచింది. నేను కదల్లేదు. మూడోసారి అదే వరుస ఇంకా మెల్లగా, ఇంకా చిన్నగా వాయించింది, అలాగే రాసి ఉన్నట్టు. జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఎవరికీ ఏమీ తెలీదు. తెర పక్కన నిలబడిన ఆయనకి తెలుసు. తిప్పు, తిప్పు అని చేత్తో సైగ చేస్తున్నారు.

వేళ్ళు కదులుతుండగానే, పెదాలు కదపకుండా, "ఏమైందే?" అంది.

"ఫోన్ పొద్దున్నే వచ్చింది," అన్నాను.

"ఏ ఫోను?"

"మా అమ్మది."

నాలుగోసారి ఆ వరుస. "సాయంత్రం కదా వచ్చింది? వాడు సాయంత్రమనే చెప్పాడు నాకు."

"పొద్దున్నే వచ్చింది. అప్పటికి అమ్మ బతికే ఉంది. మీరే చెప్పొద్దన్నారట." నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆవిడ తల కొంచెం తిప్పి తెర వైపు చూసింది. తప్పు స్వరం పడినప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు. గోడ మీద పేపరు ముక్క వైపు వచ్చినవాళ్ళు తల ఊపుతుంటే, వెనకనుంచి ఆవిడ చూసే చూపు ఒకటుంది. అది.

చేతులు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"ఆ పూట నాకు తెలిసుంటే కచేరీ మానేసి నేనే నిన్ను తీసుకెళ్ళేదాన్ని," అంది, మామూలు మాట చెప్పినట్టు. "నమ్మితే తిప్పు. నమ్మకపోతే ఇద్దరం లేచి వెళ్ళిపోదాం, నాకేం పరవాలేదు."

నేను ఆవిణ్ణి చూడలేదు. తెర పక్కనున్న ఆయన్ని చూశాను. సైగ చేస్తున్న చెయ్యి ఆగిపోయింది. మెల్లగా కిందికి దిగింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు, నీడలోకి.

తిప్పాను.

అత్తయ్య చివరిదాకా వాయించారు.

అదే రోజు, సాయంత్రం

ఇవాళ్టి పేపరు చూశాం. ఆ వరుసని మళ్ళీ మళ్ళీ వాయించి, ఆ తర్వాత నిశ్శబ్దాన్ని కూడా సంగీతం చేసిన మహానుభావురాలు అని రాశారు. అత్తయ్య చదివి, "వీళ్ళు బాగుపడరు," అని నా చేతికిచ్చారు. తర్వాత ఆయన్ని పిలిచారు.

"పొద్దున ఫోన్ ఎత్తింది నువ్వేనా?"

ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. "సీరియస్‌గా ఉందన్నారమ్మా. పోయిందనలేదు. సీరియస్ అంటే సాయంత్రానికి పోతుందని నాకెలా తెలుస్తుంది? మర్నాడు ఇద్దరం వెళ్దామనుకున్నా. హాలు నిండింది. ఇది ఏడుస్తూ కూర్చుంటే పేజీలు ఎవరు తిప్పుతారు? నీ కోసమేనమ్మా..."

"నేను చెప్పొద్దన్నానని చెప్పావా?"

"నీ పేరు చెప్పలేదు. ఇంటి నియమం అన్నాను, అంతే."

"ఆ నియమం ఎవడు పెట్టాడు? నేనా? మా అన్న చేసినదానికి మీరంతా కలిసి పేరు పెట్టారు. నేను నోరు మూసుకున్నాను. అదే నేను చేసిన పాపం."

అని లేచి ఆయన చెంప మీద కొట్టారు. సీసా మూత తీయని చేత్తో. ఆయన కంటే ముందు నేనే అదిరిపడ్డాను. అత్తయ్య కుడిచెయ్యి ఎడంచేత్తో పట్టుకుని నిలబడిపోయారు. నేను వెళ్ళి గిన్నెలో నీళ్ళు పోసుకొచ్చాను. చల్లనీళ్ళు. చిటికెన వేలు వాచింది.

"అలా చూడకు. దానికెలాగూ పనిలేదు," అన్నారు.

నేను ఇన్నాళ్ళు ఎవరి మీద పగ పెంచుకున్నానో, ఎవరికి జాలిపడ్డానో. పాపం ఆయనకేం తెలుసు అని ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూసుకోను. చూస్తే కాగితం చింపాలనిపిస్తుంది.

అతను గదిలో పడుకున్నాడు. చెంప మీద నా ఊలు శాలువా పెట్టుకున్నాడు.

30, సోమవారం

అన్నయ్య దగ్గరికి వెళ్తున్నాను. అత్తయ్య, "నేనూ రానా?" అన్నారు. వద్దన్నాను. చెయ్యి వాచి ఉంది. "సరే, కానీ ఎంత దాకా తెలుసుకోవాలో అంత దాకా తెలుసుకో. నేను సగంలో ఆపేశాను," అన్నారు.

1, బుధవారం

వదిన తలుపు తీసి, "ఇవాళ ఏ కచేరీ లేదా?" అంది.

అన్నయ్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు. అమ్మది. కుట్టడం రాదు వాడికి, ఊరికే కూర్చున్నాడు. "ఏం మొహం పెట్టుకుని వచ్చావు?" అన్నాడు.

నాకు తెలీదన్నాను. ఫోన్ సంగతి నాకు చెప్పలేదన్నాను. కచేరీ అయ్యాకే చెప్పారన్నాను.

వాడు కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "అబద్ధం. నేను ఫోన్ చేస్తే మీ ఆయన ఎత్తాడు. అమ్మకి బాలేదు, చెల్లిని పిలవండి అన్నాను. ఒక్క నిమిషం అని ఫోన్ పక్కన పెట్టి వెళ్ళాడు. వచ్చి, చెప్పానండీ, ఇవాళ కచేరీ ఉంది కదా, అది అయ్యాక బయల్దేరతానంటోంది అన్నాడు."

ఆ ఒక్క నిమిషం నాకు గుర్తుంది. నేను నల్లగౌను ఇస్త్రీ చేస్తున్నాను. అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏమండీ అన్నాను. "ఏం లేదు. ఇస్త్రీ బాగా వచ్చింది," అని వెళ్ళిపోయాడు.

"అమ్మకి అదే చెప్పావా?" అని అడిగాను.

"ఏం చెప్పమంటావు? వస్తోందా, వస్తోందా అని ప్రాణం తీసింది. కచేరీ అయ్యాక వస్తానందని చెప్పాను."

"అమ్మ ఏమంది?"

అన్నయ్య మిషను చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. వదినే చెప్పింది, గొంతులో వెటకారం పోయి. "పోనీలే, దానికి పనుంది, అన్నారు. తర్వాత కూడా గుమ్మం వైపే చూశారు. కానీ అడగలేదు."

2, గురువారం

దానికి పనుంది.

3, శుక్రవారం

దానికి పనుంది అందట.

5, ఆదివారం

అతను వచ్చాడు. కారు వీధి చివర ఆపి, పళ్ళ బుట్ట పట్టుకుని నడిచొచ్చాడు. బుట్టకి రిబ్బను కట్టి ఉంది. అన్నయ్య తలుపు అడ్డంగా నిలబడ్డాడు. నేను పక్కకి జరగమన్నాను.

"అమ్మ నీ గురించే అడుగుతోంది," అన్నాడు. "చెయ్యి వాచిపోయింది. నువ్వుంటే బాగుండునంటోంది."

"అత్తయ్య నిన్న ఫోన్ చేశారు," అన్నాను. "వాడొస్తే గడప ఎక్కనియ్యకు అన్నారు."

అతను నవ్వబోయాడు. అన్నయ్యని చూసి మానేశాడు. "లోపలికి వెళ్ళి మాట్లాడుకుందాం. నలుగురూ చూస్తున్నారు."

నిజంగానే చూస్తున్నారు. పక్కింటి పిన్ని బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది. నన్ను నలుగురూ చూస్తే ఎప్పుడూ తలుపు చాటుకి వెళ్ళిపోతాను. వెళ్ళలేదు.

"ఆ రోజు ఫోన్లో మా అన్నయ్యకి ఏం చెప్పారో, నాకు ఏం చెప్పలేదో, ఇక్కడ చెప్పండి."

"ఏమిటిది? పిల్లల ఆటలా ఉంది. తప్పయిందని చెప్పాను కదా."

"నాకు చెప్పలేదు. మా అన్నయ్యకి చెప్పలేదు. చెప్పండి."

హాళ్ళవాళ్ళతో, పత్రికలవాళ్ళతో, మంత్రులతో గంటలు గంటలు మాట్లాడే మనిషి. బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. రిబ్బను ఊడి వేలాడింది. చివరికి బూట్ల వైపు చూస్తూ, "నేను ఆమెకి చెప్పలేదు. చెప్పానని అబద్ధం చెప్పాను. వస్తానందని అబద్ధం చెప్పాను," అన్నాడు.

అన్నయ్య మెట్టు మీద కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. అమ్మ పోయినప్పుడు వాడు ఏడవలేదని పిన్ని చెప్పింది. వదిన నా చెయ్యి పట్టుకుంది.

అతను ఊపిరి పీల్చుకున్నాడు. "సరేనా? ఇక బయల్దేరదామా?"

లోపల అమ్మ మంచం కనబడుతోంది. దుప్పటి మడత పెట్టి ఉంది. అక్కణ్ణించి చూస్తే గుమ్మం, గుమ్మం అవతల వీధి, వీధి చివర వరకూ కనబడుతుంది.

"అక్కడికి వినపడేలా చెప్పండి," అన్నాను.

అతను తొంగి చూశాడు. "అక్కడెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి?"

"చెప్పండి."

అన్నయ్య తల ఎత్తాడు. పిన్ని తడిబట్ట చేతిలో పట్టుకునే గోడ దాకా వచ్చింది. అతను అటూ ఇటూ చూసి, గొంతు పెంచి, ఖాళీ మంచానికి చెప్పాడు. ఆమెకి చెప్పలేదు అన్నాడు. ఆమెకి తెలిస్తే వచ్చేది అన్నాడు. ఆ మాట నేను చెప్పమనలేదు, దానంతటదే వచ్చింది.

చెప్పి నా వైపు చూశాడు.

మళ్ళీ చెప్పమన్నాను.